తప్పు తిరగలేదు

కొటేషన్ వచ్చింది.
ముప్పై ఎనిమిది లక్షలు, ఓడ కిరాయి వేరే.
వైజయంతి మేడమ్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
ఊగుతున్న బల్లకాలి కింద దోపింది.
"దీనికైనా పనికొచ్చింది" అంది.

ఆ మధ్యాహ్నమే నేనూ ఏళుమలై
రిచీ స్ట్రీట్ ఎండలో పడ్డాం.
ఏళుమలై అంటే మన ఏడుకొండలే.
ఇరవై రెండేళ్లుగా వర్క్‌షాపులో లేతు మీద ఉన్నాడు.
నా అరవానికి అతను నవ్వడు,
అతని తెలుగుకి నేను నవ్వను.
అదీ మా ఒప్పందం.

ఎర్ర బల్బు ఒకటి, కందిగింజంత.
ఏ ఆఫీసులోనో కన్నార్పకుండా కూర్చుని కూర్చుని
ఉద్యోగం పోగొట్టుకున్న వెబ్ కెమెరా.
పల్లవరంలో, ఎవరి వంటగట్టుకో కోయగా మిగిలిన నల్లరాయి.
పుదుపేటలో నాలుగు స్కూటరు ట్యూబులు,
పంక్చర్లకు పూచీ లేదన్నాడు.
ట్యూబులు ఊది, వాటి మీద
బాలింతను పడుకోబెట్టినట్టు రాయిని పడుకోబెట్టాం.

వెలుగు బొట్టుబొట్టుగా రావాలి కదా,
జ్వరం మాత్రల రేకుకి సూదితో చిల్లు పొడిచాను.
వెలుగుని కోయడానికి బ్లేడు,
గడ్డం గీసుకునేదే, నిలువునా విరిచి.
అకౌంట్స్ వాళ్లు ఆ బిల్లు వెనక్కి పంపారు
"సొంత వాడకం" అని ఎర్రసిరాతో రాసి.
నిజమే.
అంత సొంతంగా నేను ఏ వస్తువూ వాడలేదు.

అద్దం నుంచి తిరిగొచ్చిన వెలుగు
ఒక్క చుక్కగా కూడుకునే చోటుంటుంది.
అక్కడికి బ్లేడు అంచుని ఊపిరి బిగబట్టి జరపాలి.
అద్దం మంచిదైతే
ముఖమంతా ఒక్కసారే మసకబారుతుంది.
ఎక్కడైనా ఎత్తుంటే దాచుకోలేదు,
అక్కడో గుట్ట లేస్తుంది, పక్కనే దాని నీడ.
వెంట్రుక మందాన్ని వెయ్యి ముక్కలు చేస్తే
అందులో ఒక్క ముక్కంత గుట్ట.

పగలు ఏమీ కనపడలేదు.
లిఫ్టు కదిలితే వణుకు, మేడమ్ చెప్పులకి వణుకు.
రాత్రి, ఆఖరి తాంబరం బండి గిండీ దాటాక
తెర మీద వెలుగు
పాలమీగడలా నిలిచింది.
నిలిచాక చూస్తే మూడు గుట్టలు!
అంచు వెంబడి, పొయ్యిరాళ్లలా.

నాకు సంతోషం పట్టలేదు.
"చూశారా, సర్టిఫికెట్ అబద్ధం!
ఆ పెద్ద కంపెనీ వాడు
మనకి చెత్త అంటగట్టాడు" అన్నాను.
మెయిల్ కూడా మనసులో రాసేశాను,
మర్యాదగా మొదలై మర్యాద లేకుండా ముగిసే మెయిల్.

ఏళుమలై ఏమీ అనలేదు.
అద్దాన్ని పట్టులోంచి తీసి
గడియారం ముల్లులా కాస్త తిప్పి మళ్లీ బిగించాడు.
చల్లారేదాకా ఆగాం.
అద్దం తిరిగింది.
గుట్టలు తిరగలేదు.

అద్దానిదైతే అద్దంతో పాటే తిరిగేది.
ఉన్నచోటే ఉందంటే
తప్పు మనది.
అతని మూడు మరలు
అద్దాన్ని మూడు చోట్ల నొక్కుతున్నాయి.
"గట్టిగా పట్టుకుంటే పడదనుకున్నా" అన్నాడు,
తన తెలుగులో, తలొంచుకుని.
నేను ఆ మెయిల్‌ని మనసులోనే చింపేశాను.

పాత అంబాసిడర్ సీటు బెల్టు కోసి
ఉయ్యాలలా కట్టాడు.
మరలు వదులు చేశాడు.
గుట్టలు పోయాయి, రెండు పోయాయి.
మూడోది నడిమధ్యలో, కొత్తది,
గుండ్రంగా, సిగ్గులేకుండా.

ఇద్దరం బిత్తరపోయాం.
తర్వాత అతను తన బొటనవేలి వంక చూసుకున్నాడు.
బెల్టు సర్దేటప్పుడు
గాజు వీపు మీద ఆనించిన వేలు.
ఆ వేడికి గాజు ఉబ్బింది.
ఇరవై రెండేళ్లు ఇనుము తోమిన వేలు,
దానికే వేడి తెలీదు, అద్దానికి తెలిసింది.

లైట్లార్పి కూర్చున్నాం,
చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిపిల్లల్లా.
అతను కూతురి నర్సింగ్ ఫీజు గురించి చెప్పాడు.
నేను వింటూ తెర చూస్తున్నాను.

నోటుబుక్కులో ఆ రాత్రి చివరి వాక్యం ఇది:
రెండూ నలభై. గుట్ట దిగింది.